స్పీకర్లు మూగబోయిన కెర్నెల్ గురించి మేనకోడలికి

శ్రీకాకుళం

అమ్మలూ,

లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్‌ను నడిపే అసలు ప్రోగ్రామ్) అప్‌డేట్ అయ్యాక ల్యాప్‌టాప్ స్పీకర్లు పలకడం లేదని, హెడ్‌ఫోన్స్ మాత్రం బాగానే ఉన్నాయని రాశావు. విజయనగరంలో నీ దగ్గర వీణ నేర్చుకునే పిల్లలకు రికార్డింగులు వినిపించలేక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ కూడా చెప్పింది. ముందు ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని క్లాసులు నడుపుకో. రిపేరు సంగతి నిదానంగా చూద్దాం.

అప్‌డేట్ రోజున కెర్నెల్‌తోపాటు శబ్దాన్ని నడిపే పైప్‌వైరూ, చిప్‌లలోకి ఎక్కే ఫర్మ్‌వేర్ ప్యాకేజీలూ మారి ఉండొచ్చు. కాబట్టి మిగతావన్నీ కదపకుండా కెర్నెల్ ఒక్కటే మార్చి చూడు. పాతదాంట్లో పలికి కొత్తదాంట్లో పలకకపోతే అది కెర్నెల్ రిగ్రెషనే, అంటే ముందు పనిచేసింది కొత్త మార్పుతో చెడిపోవడమే. రెండింటిలోనూ సౌండ్ వివరాలన్నీ ఫైల్లో రాసిచ్చే ఆల్సా-ఇన్ఫో స్క్రిప్టు నడిపి, ఆ ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూడు. సౌండ్ చిప్‌లో ఏ పిన్ ఆగిపోయిందో, ఏ యాంప్లిఫయర్ మ్యూట్ అయిందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

తరవాత గిట్ బైసెక్ట్, అంటే కెర్నెల్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో చెడగొట్టిన మార్పును వెతికే పద్ధతి. కోడ్ చదివి ఊహించడం కన్నా ఇదే దగ్గరి దారి. ఒక విడుదలకూ తరవాతి దానికీ మధ్య 13, 14 వేల మార్పులున్నా, సగానికి సగం తగ్గించుకుంటూ పోతే 14 బిల్డులతో (కోడ్ నుంచి కెర్నెల్ తయారుచేసుకోవడం) తేలిపోతుంది. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కమాండ్ వాడితే నీ మెషీన్‌కు కావలసిన మాడ్యూళ్లే (కెర్నెల్ ముక్కలే) బిల్డ్ అవుతాయి. అది నడిపేటప్పుడు నీ యూఎస్‌బీ మైకు గుచ్చే ఉంచు, లేకపోతే దాని డ్రైవర్ జారిపోతుంది. ప్రతి బిల్డూ పరీక్షించి, స్పీకర్ పలికితే గిట్‌కు గుడ్ అనీ, పలకకపోతే బ్యాడ్ అనీ చెప్పు, బిల్డ్ కాని చోట స్కిప్ చెప్పు. సందేహం మీద మాత్రం గుడ్ అనో బ్యాడ్ అనో చెప్పకు, ఒక్క తప్పు జవాబు చాలు, సంబంధం లేని మార్పు దగ్గరికి తీసుకుపోతుంది. మధ్యలో కరెంటు పోయినా ఫర్వాలేదు, ఎంతవరకు వచ్చావో గిట్ రాసి ఉంచుకుంటుంది.

ఈ ఒక్కటి బాగా గుర్తుంచుకో. ప్రతి పరీక్షకూ ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి మళ్లీ వెయ్యి, రీస్టార్ట్ నొక్కకు. ఆడియో కోడెక్‌కూ (సౌండ్ చిప్), స్పీకర్ యాంప్లిఫయర్‌కూ రీస్టార్ట్‌లో కరెంటు పోకపోవచ్చు. అప్పుడు ముందు నడిచిన కెర్నెల్ పెట్టిన సెట్టింగులే మిగిలిపోయి, చెడ్డ కెర్నెల్‌లో కూడా స్పీకర్ పలుకుతుంది. విండోస్ నుంచి నేరుగా లైనక్స్‌కి వచ్చినా ఇదే చిక్కు. మంచి ఇంజనీర్లు కూడా దీని దగ్గర రోజులు పోగొట్టుకోవడం చూశాను.

తప్పు మార్పు దొరికాక సరికొత్త కెర్నెల్‌లో దాన్ని రివర్ట్ చేసి (వెనక్కి తీసి) చూడు. శబ్దం తిరిగొస్తే దొంగ దొరికినట్టే. కానీ ఆ రివర్ట్‌నే పరిష్కారంగా పంపేముందు, ఆ మార్పు ఎవరి కోసం వచ్చిందో కమిట్ మెసేజ్‌లో (మార్పుతోపాటు రాసే వివరణలో) చదువు. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో పిన్నుల వైరింగ్ ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల ఇష్టం. వాళ్ల బయోస్ (ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రామ్) దాన్ని తప్పుగా చెబితే, కెర్నెల్‌లోని క్విర్క్ పట్టికలో (మినహాయింపుల జాబితాలో) ఆ మోడల్‌కు విడిగా ఒక వరుస చేరుస్తారు. ఒక్కోసారి రెండు వేర్వేరు మోడళ్లకు మోడల్‌ను గుర్తించే పీసీఐ సబ్‌సిస్టమ్ నంబరు ఒకటే ఉంటుంది. ఇంకెవరి మెషీన్‌కో రాసిన వరుస నీకూ తగులుతుంది. నువ్వు దాన్ని పీకేస్తే నీకు శబ్దం వస్తుంది, వాళ్లకు పోతుంది. అలాంటప్పుడు కోడెక్ సొంత సబ్‌సిస్టమ్ ఐడీ చూసి రెండింటినీ విడదీయాలి. ప్యాచ్ (కోడ్ సవరణ) ఎంత చిన్నదైతే అంత మేలు.

ఇంకో మాట, ఈ మధ్య కెర్నెళ్లలో హెచ్‌డీ ఆడియో ఫైళ్ల చోటు మారింది. పాత సలహాల్లోని ఫైలు పేర్లు కనబడకపోతే కంగారు పడకు.

కెర్నెల్ సౌండ్ విభాగాన్ని చూసుకునే మెయింటెయినర్ తకాషి ఇవాయ్ గారికీ, ఆ మార్పు రాసినవాళ్లకూ సాదా టెక్స్ట్‌లో మెయిల్ రాయి. పనిచేసిన కెర్నెల్, పనిచేయని కెర్నెల్, బైసెక్ట్ ఫలితం, రెండు ఆల్సా-ఇన్ఫో ఫైళ్లు ఉండాలి. రాసినవాళ్లను తప్పుపట్టే మాట ఒక్కటీ వద్దు. పనిచేసేదాన్ని చెడగొట్టకూడదన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబట్టే నియమం కాబట్టి, నీ ఫిర్యాదును తేలిగ్గా తీసుకోరు. ప్యాచ్ నువ్వే రాస్తే ఫిక్సెస్ ట్యాగ్‌లో (ఏ మార్పును సరిచేస్తున్నావో చెప్పే వరుసలో) ఆ కమిట్ నంబరు మొదటి 12 అక్షరాలూ, దాని శీర్షికా పెట్టు. స్టేబుల్ ట్యాగ్ కూడా చేర్చు, పాత కెర్నెళ్లు వాడేవాళ్లకూ అందుతుంది.

వాళ్లే ప్యాచ్ పంపి పరీక్షించమంటే ఆలస్యం చెయ్యకు. ఆ మోడల్ వాళ్ల చేతిలో ఉండకపోవచ్చు, నీ జవాబు వచ్చేదాకా పని ఆగుతుంది. స్పీకర్, హెడ్‌ఫోన్, మైకు మూడూ చూడు. ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచాక మళ్లీ ఒకసారి చూసి, అప్పుడు రాయి.

మీ మామయ్య