గేమ్ కంపెనీలో లాభం, క్రియేటివిటీ రెండూ కుదురుతాయా?

గేమ్ డిజైనర్‌గా చేరాలనుకుంటున్నా, లాభాల యావలో క్రియేటివిటీ చచ్చిపోతుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. హైదరాబాద్‌లో ఒక మొబైల్ గేమ్స్ స్టూడియోలో కొన్నేళ్లు లెవెల్స్ డిజైన్ చేశాను. నా మటుకు లాభం పెద్ద సమస్య కాదు. ఆడేవాళ్లని డబ్బు ఎప్పుడు అడుగుతారన్న దాని మీదే అంతా ఉంటుంది.

మాది ఒకే రంగు గోళీలు మూడేసి కలిపే ఫ్రీ గేమ్. ఒక లెవెల్ మధ్యలో వాగు పెట్టి, గోళీలు కిందికి పడకుండా పక్కకి కొట్టుకుపోయేలా చేశాను. టీమ్‌లో అందరూ ఎగబడి ఆడారు. తీరా డేటా వచ్చాక చూస్తే జనం ఆ లెవెల్‌ని తేలిగ్గా గెలిచేస్తున్నారు, పైసా ఖర్చు పెట్టట్లేదు. ప్రొడక్ట్ మేనేజర్ వాగు జోలికి రాలేదు, మూవ్స్ 25 నుంచి 21కి తగ్గించమన్నారు. ఇంకొక్క గోళీ పగిలితే గెలుస్తాం అనగా మూవ్స్ అయిపోవాలి, సరిగ్గా అప్పుడు ‘ఇంకో 5 మూవ్స్ కొనండి’ అని బటన్ రావాలి. ఆ బటన్ రంగు మీద జరిగినన్ని మీటింగులు వాగు మీద జరగలేదు లెండి! పాపం, ఆయన్నీ అనలేం. ప్లేయర్లని యాడ్స్‌కి డబ్బు పోసి తెచ్చుకుంటారు. వందలో కొనేది ఏ ఇద్దరో ముగ్గురో. ఖర్చంతా వాళ్ల దగ్గరే రాబట్టాలి.

అదే స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ చూడండి. ఎరిక్ బరోన్ నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ చేసుకుని 2016లో విడుదల చేశాడు. 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. అదీ లాభమేగా? కాకపోతే డబ్బు ముందే తీసుకున్నాడు కాబట్టి, ఆట మధ్యలో మనల్ని ఇరుకున పెట్టాల్సిన అవసరం అతనికి లేదు.

అలాగని ముందే డబ్బు తీసుకునే గేములన్నీ మంచివనీ కాదు. 2017లో ఈఏ కంపెనీ స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2ని పూర్తి ధరకి అమ్ముతూ పైగా లూట్ బాక్సులూ (తెరిచేదాకా లోపల ఏముందో తెలియని పెట్టెలు) పెట్టింది. జనం దుమ్మెత్తిపోస్తే విడుదలకు కాస్త ముందు గేమ్‌లోపలి కొనుగోళ్లు ఆపేసింది. ఇంకోపక్క, అందరూ మెచ్చుకున్న హై-ఫై రష్ అనే గేమ్ చేసిన టాంగో స్టూడియోని 2024లో మైక్రోసాఫ్ట్ మూసేస్తానంది. తర్వాత క్రాఫ్టన్ అనే కొరియా గేమ్ కంపెనీ తీసుకుంది కాబట్టి బతికింది. మంచి గేమ్ చేస్తే ఉద్యోగం నిలుస్తుందన్న గ్యారంటీ కూడా లేదన్నమాట.

మీరు ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఆ కంపెనీ గేమ్ ఓ 30 లెవెల్స్ ఆడండి. మొదటిసారి డబ్బు ఎక్కడ అడిగిందో గుర్తుపెట్టుకుని, ఆ లెవెల్ మీద చివరి మాట డిజైనర్‌దా, మానిటైజేషన్ (గేమ్ నుంచి డబ్బు రాబట్టే) టీమ్‌దా అని సూటిగా అడిగేయండి.