పార్కిన్సన్స్‌కి మాన్యువల్ థెరపీ పనిచేస్తుందా? మా నాన్న విషయంలో చూసింది చెప్తాను

మీ అమ్మగారికి నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ ఉందని, మెడ, భుజాలు బిగుసుకుపోతున్నాయని, మాన్యువల్ థెరపీతో (చేతులతో కండరాలు, కీళ్లు నొక్కి, కదిపి చేసే చికిత్సతో) జబ్బే తగ్గిపోతుందని ఎవరో చెప్పారని రాశారు. థెరపీ చేయించండి. జబ్బు తగ్గుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా పోవడం వల్ల వచ్చే జబ్బిది, భుజాలు నొక్కితే ఆ కణాలు తిరిగి రావు. మాత్రలు మానేయమని ఎవరైనా అంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి. ఈ జబ్బుకి ఇచ్చే ముఖ్యమైన మాత్ర లెవోడోపా, దాన్ని ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మా నాన్నకి వణుకు కన్నా ముందు కుడి భుజం పట్టేసింది. చాలాకాలం ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) అనే అనుకున్నాం. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం లేదని గమనించాకే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. జబ్బు పేరు తెలిశాక మొదట దొరికిన థెరపిస్ట్ చేతులు గట్టిగా, గబగబా లాగేవాడు. నాన్న పళ్లు బిగపట్టి భరించేవారు, ఇంటికొచ్చేసరికి ఇంకా బిగుసుకుపోయేవారు. రెండు వారాలకే మానిపించేశాం.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాం. మొదటిరోజు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు?" మాత్ర పనిచేస్తున్న సమయానికే రమ్మన్నారు. నాన్న మోచేతిని పట్టుకుని మెల్లగా చాపుతుంటే అది పళ్లచక్రంలా ఆగి ఆగి కదిలేది. ఆగిన ప్రతిచోటా ఆవిడ కూడా ఆగేవారు, బలవంతం చేసేవారు కాదు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి, రెండూ కలిపి ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఉయ్యాల ఊపినంత నెమ్మదిగా వాల్చేవారు. నడుము, ఛాతీ పక్కలు వదులయ్యేది దీనితోనే. ఆ రోజు బయల్దేరేటప్పుడు నాన్న చొక్కా కుడి చేతిలోకి చెయ్యి తనంతట తనే దూర్చుకున్నారు. అంతకుముందు కొన్ని నెలలుగా ఆ పని నేనే చేస్తున్నాను.

సాయంత్రానికి మళ్లీ మామూలే. నాకు చాలా నిరాశ వేసింది, ఆవిడతో అదే అన్నాను. "వదులైన ఆ గంటలో ఆయన చేత ఏం చేయించారు?" అని అడిగారు. కారులో కూర్చోబెట్టి తీసుకొచ్చామంతే! అప్పటినుంచి థెరపీ అవ్వగానే పెద్ద పెద్ద అడుగులతో నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతులు బాగా ఊపడం చేయిస్తున్నాం. మార్పు నిలబడింది ఈ వ్యాయామం వల్లనే. మీరు ఒక్కదానికే డబ్బు, ఓపిక పెట్టగలిగితే వ్యాయామానికే పెట్టండి.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. మెడ పటుక్కుమనిపించేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. ఈ వయసులో ఎముకలు పెళుసుగా ఉండొచ్చు, ఇదివరకు పడిపోయి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా చెప్పాలి. బోర్లా పడుకోవడం కష్టమైతే పక్కకి తిరిగి పడుకున్నా చేయొచ్చు. అయిపోగానే లేపేయకండి. ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోవడం మామూలు, మా నాన్న ఒకసారి మంచం పక్కనే తూలిపోయారు. అప్పటినుంచి కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు కూర్చున్నాకే నిలబెడుతున్నాం. మెదడుకి సన్నటి కరెంటు పంపే డీబీఎస్ పరికరం పెట్టించుకున్నవాళ్లకి డయాథెర్మీ మెషిన్ (ఒంటి లోపల వేడి పుట్టించేది) అస్సలు వాడకూడదు, చాలా ప్రమాదం.

చేసేటప్పుడు వణుకు ఎక్కువైతే ఆ చేతిని గట్టిగా అదిమి పట్టుకోకండి. టెన్షన్ పడితే అది ఇంకా పెరుగుతుంది.

మోకాళ్లు ఇటూ అటూ వాల్చడం మీరూ నేర్చుకోవచ్చు, ఒకసారి ఫిజియో ముందు చేసి చూపించి సరిచేయించుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు నాన్నకి నేనే చేస్తాను. ఇప్పుడు చాలా రాత్రులు పక్కకి తిరగడానికి నన్ను లేపడం లేదు.