అంతరిక్ష సీరియళ్ల పిచ్చి పనికొస్తుందా?

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. ఎప్పుడూ గ్రహాంతరవాసుల సీరియళ్లే. చూసి ఊరుకోడు. మిక్సీ మోత, గేటు కిర్రుమనడం ఫోన్‌లో రికార్డు చేసి ‘ఇది రాకెట్, ఇది రాక్షసుడు’ అంటాడు. వాళ్ల నాన్న ఫోన్ లాక్కోమంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఈ పిచ్చి ఎప్పటికైనా పనికొస్తుందా?
- ఒక తల్లి, దేవరకొండ

జవాబు: పనికొస్తుందక్కా. నేను సినిమాలకు సౌండ్ డిజైన్ చేస్తాను, అంటే తెర మీద బొమ్మకు తగ్గ చప్పుళ్లు తయారుచేస్తాను. ఈ పనిలోకి నన్ను తెచ్చింది ఆ పిచ్చే.

మాది నల్లగొండ పక్కన పల్లె. 1998లో దూరదర్శన్‌లో ‘కెప్టెన్ వ్యోమ్’ అనే అంతరిక్ష సీరియల్ వచ్చేది. హిందీ సగమే అర్థమయ్యేది కాబట్టి నా ధ్యాసంతా చప్పుళ్ల మీదే. మధ్యలో కరెంటు పోతే మిగతా కథ నేనే కల్పించి, నోటితో చప్పుళ్లు చేస్తూ తమ్ముళ్లకు చెప్పేవాణ్ని.

మీ బాబుకు ఒక సంగతి తప్పకుండా చెప్పండి. బీబీసీలో 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్‌లో కాలంలో ప్రయాణించే పెట్టె ఒకటుంటుంది. అది కదిలేటప్పుడు వచ్చే రొద కోసం బ్రయాన్ హాడ్గ్‌సన్ అనే ఆయన పాత పియానో తీగలను ఇంటి తాళంచెవితో గీశారు. ఆ చప్పుడును టేపు మీద మార్చి వాడారు. ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికా అంతరిక్ష సీరియల్‌లో మనుషులు మెరుస్తూ మాయమై వేరేచోట తేలడం కూడా అలాంటిదే. వారం వారం నౌకను గ్రహం మీద దించి చూపించే ఖర్చు భరించలేక అల్లిన ఉపాయం అది. డబ్బు తక్కువైన చోటే ఇంత ఊహ పుట్టిందని తెలిశాక నాకు ఎంత ధైర్యమొచ్చిందో!

ఒకసారి అంతరిక్ష నౌక ఇంజిన్ చప్పుడు కావాలన్నారు. మా బత్తాయి తోటలో బోరు మోటారు చప్పుడును రికార్డు చేసి, ఆ రికార్డు వేగం బాగా తగ్గించాను. అలా చేస్తే శ్రుతి దిగిపోయి చిన్న మోటారే పెద్ద యంత్రంలా ఉరుముతుంది. రోజూ దాన్ని వేసే మా నాన్నే గుర్తుపట్టలేదు.

కేవలం చూస్తూ కూర్చుంటే నేనూ భయపడమనేవాణ్ని. మీవాడు వింటున్నాడు, పట్టుకుంటున్నాడు, పేరు పెడుతున్నాడు. మేం చేసేదీ అదే. ఫోన్ లాక్కోకండి, పడుకునే వేళకు మాత్రం తీసి పెట్టండి. ‘ఈ చప్పుడు ఎలా చేసుంటార్రా?’ అని అప్పుడప్పుడు అడగండి.

చదువు మానేసే దారి కాదిదని బావగారికీ చెప్పండి. పుణెలో సినిమా చదువు చెప్పే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు చేరాలంటే డిగ్రీ ఉండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. తొమ్మిదిలో ధ్వని పాఠం ఎలాగూ ఉంది. వాడి రికార్డులు పక్కన పెట్టుకుని ఆ పాఠం చదవమనండి.