కంఠత వాక్యాలు మొదలుపెడుతున్నావని విని

తల్లీ,

సండే స్కూల్ పిల్లలతోపాటు వాళ్ళ అమ్మానాన్నలకు కూడా బైబిల్ కంఠత వాక్యాలు నేర్పిస్తావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే "చివర్లో పోటీ పెడుతుందట" అనేసరికి గుండె గుభేలుమంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. వారానికి ఒక్క వచనం చాలు. అందరూ ఒకే అనువాదంలో నేర్చుకోవాలి. రిఫరెన్స్, అంటే ఏ గ్రంథం, ఎన్నో అధ్యాయం, ఎన్నో వచనమో, వచనానికి ముందూ వెనకా చెప్పించు. కొత్తది వచ్చిందని పాతది వదలొద్దు. మరీ చిన్నపిల్లలకు "యేసు కన్నీళ్లు విడిచెను" చాలు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక కీర్తన పూర్తి చేయాలంటే 117 ఉంది, రెండే వచనాలు. 119 జోలికి ఇప్పుడే వెళ్ళకు, 176 వచనాలు.

ఇక పోటీ సంగతి. నా చిన్నప్పుడు మా సంఘంలో ఒక పిల్లవాణ్ణి మొదటి కీర్తన చెప్పమని అందరి ముందూ నిలబెట్టారు. ఇంట్లో గడగడా చెప్పేవాడు. "పాపుల మార్గమున నిలువక" దాకా వచ్చాడు, తర్వాతి మాట అందలేదు. చొక్కా బొత్తాం తిప్పుకుంటూ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. వెనక బెంచీల్లో నవ్వులు. అపహాసకులు కూర్చునే చోట కూర్చోనివాడు ధన్యుడని చెప్పే వచనం దగ్గర! టీచర్ ఒక్క మాట అందిస్తే సరిపోయేది. అందించలేదు సరికదా, ఆరాధన అయ్యేదాకా అలాగే నిలబెట్టారు. వాళ్ళ నాన్న తల దించుకుని కూర్చున్నాడు, ఇంటికెళ్ళాక కొట్టాడట. అప్పటినుంచి ఆదివారం వస్తే ఆ పిల్లవాడికి కడుపునొప్పి. కొన్నాళ్ళకి రావడమే మానేశాడు. గెలిచిన అమ్మాయికి చప్పట్లు కొట్టిన పెద్దవాళ్ళలో వీడేమయ్యాడని అడిగినవాళ్ళు లేరు.

అందుకే గట్టిగా చెబుతున్నాను, ఒక్కర్నే నిలబెట్టి అడగొద్దు. ముగ్గురు నలుగురు కలిసి చెప్పనీ. ఆగితే నువ్వే అందించు. బహుమతులు కొంటే అందరికీ ఇవ్వు. వచనం నేర్పేముందు దాని అర్థం, అది ఎవరు ఎప్పుడు అన్న మాటో చెప్పు. మత్తయి 4వ అధ్యాయంలో యేసును శోధించిన సాతాను కూడా 91వ కీర్తన ఎత్తి చెప్పాడు కదా. ప్రభువు ద్వితీయోపదేశకాండంలోని మాటలతో మూడుసార్లు జవాబిచ్చాడు, వాటికి లోబడి నిలిచాడు. నోటికి వస్తే సరిపోదమ్మా.

ఆ ద్వితీయోపదేశకాండమే 6వ అధ్యాయంలో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో ఈ మాటలు మాట్లాడమంటుంది. మా అమ్మకు చదువు రాదు. చర్చిలో విని పట్టుకున్న 23వ కీర్తనను నాకు జడ వేస్తూ నేర్పింది. నేను తప్పు చెబితే జడ వదిలేది కాదు, కసురుకునేది కాదు, తనే మెల్లగా మళ్ళీ మొదలుపెట్టేది. మొన్న కంటి ఆపరేషన్ అయ్యాక కట్టుతో పడుకుని, టెన్షన్‌తో నిద్రపట్టక అల్లాడుతుంటే, "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అని అమ్మ గొంతులోనే వినిపించింది. నీ దగ్గరికొచ్చే పిల్లలకు అలాంటి రాత్రి ఎప్పుడొస్తుందో మనకు తెలియదు. ఆ రాత్రి వచనంతోపాటు ఎవరి కోపమూ వాళ్ళకు గుర్తు రాకూడదు.

తల్లిదండ్రుల్లో చదువు రానివాళ్ళుంటే వెనక్కి తగ్గనివ్వకు, పిల్లలచేతే వాళ్ళకు నేర్పించు. ఇంత చెప్పానని బెంగపడకు, నీకు ఓపిక ఉంది, నాకు తెలుసు. మొదటి వారం ఏ వచనమో రాయి. నేనూ నేర్చుకుంటాను. శనివారం ఫోన్ చేసి అప్పజెప్పించుకో.

ప్రేమతో,
మీ పెద్దమ్మ