మీ ప్రశ్నలు – మా జవాబులు: ‘కృప’ మార్చాలా?

ప్రశ్న: ఆరాధన కోసం 136వ కీర్తనను వాడుక తెలుగులో తిరగరాస్తున్నాం. ‘కృప’ ఉన్నచోట హీబ్రూలో ‘హెసెద్’ ఉందట. ‘విడువని ప్రేమ’ అనాలని కొందరు, ‘నమ్మకత్వం’ అనాలని కొందరు. ఏది పెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ముందు రూతు 1:8 తీయండి. చనిపోయినవాళ్లకూ నాకూ మీరు హెసెద్ చేసినట్టే దేవుడూ మీకు చేయాలని నయోమి కోడళ్లను దీవిస్తుంది. దేవుడు చేసేదీ, కోడళ్లు చేసినదీ ఒకే మాట. ‘కృప’ ఇక్కడే ఇరుక్కుంటుంది. అది పైవాళ్లు కిందివాళ్లకు చూపేది. కోడలు అత్తగారి మీద కృప చూపిందంటే నవ్వుతారు. ‘నమ్మకత్వం’లో మాట తప్పకపోవడం ఉంది గానీ చేసిన మేలు జారిపోయింది. ‘విడువని ప్రేమ’ రెండువైపులా సరిపోతుంది.

అయితే దాన్ని పల్లవిలో ఉన్నదున్నట్టు దించకండి. కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివరా అదే మాట. హీబ్రూలో ‘కీ లెఓలామ్ హస్దో’ అని పొట్టిగా ముగుస్తుంది. పాత తెలుగులో ‘ఆయన కృప నిరంతరముండును’ – 12 అక్షరాలు. ‘ఆయన విడువని ప్రేమ నిరంతరం నిలిచి ఉంటుంది’ అంటే 19. సగానికి రాకముందే సంఘానికి ఆయాసం వస్తుంది. ‘ఆయన ప్రేమ ఎన్నడూ విడువదు’ అనండి. మళ్లీ 12కే వస్తుంది. లఘుగురువుల్లో తేడా ఉంటుంది కాబట్టి నలుగురితో పాడించి చూడండి. వాడుక భాషకు పెద్దలు ఒప్పుకోరేమోనన్న బెంగ వద్దు, గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా మీది!

ఇదే మాటను అన్నిచోట్లా పెడదామంటే మాత్రం కుదరదు. పాత తెలుగు బైబిల్లో హోషేయ 6వ అధ్యాయం చూడండి: ‘హెసెద్’ 4వ వచనంలో ‘భక్తి’, 6వ వచనంలో ‘కనికరము’ అయింది. ఉదయపు మంచులా ఆరిపోయే భక్తిని తిట్టి, నాకు కావలసింది అదేనని దేవుడు అంటున్న సంగతి తెలుగులో కనబడదు. అక్కడ అడుగున ఒక చిన్న గమనిక ఇవ్వాల్సిందే.

ప్రశ్న: ‘ఎమూనా’ అనే హీబ్రూ మాట నిర్గమ 17:12లో నిలకడ, హబక్కూకు 2:4లో విశ్వాసం. నిజంగా ఒకే మాటేనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఒకటే. అలెఫ్, మేమ్, నూన్ అనే మూడక్షరాల ధాతువు. ‘ఆమేన్’ కూడా అక్కడిదే. మోషేను రాయి మీద కూర్చోబెట్టి, చెరో పక్కా అహరోను, హూరు పట్టుకుంటే పొద్దుగూకేదాకా చేతులు వాలలేదు. అది ఎమూనా. హబక్కూకు గ్రీకు అనువాదంలో దాన్ని ‘పిస్తిస్’ అన్నారు; రోమా 1:17లో పౌలు ఎత్తిచూపింది ఆ మాటే. అందుకే మన చెవికి ‘నమ్మడం’ ముందు వినబడుతుంది. అనువదించేటప్పుడు నిలిచేది చెయ్యా, మాటా, మనిషా అని చూసి పదం ఎంచుకోండి. యెషయా 7:9లో ఈ ధాతువుతోనే శ్లేష ఉంది: ‘నమ్మికలో నిలవకుంటే మీరూ నిలవరు’ అంటే చాలావరకు దక్కుతుంది.

ప్రశ్న: ‘ఓర్పు’, ‘దీర్ఘశాంతము’ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: కాదు. ఓర్పు (గ్రీకులో హుపొమొనే) కష్టం కింద కదలకుండా నిలవడం. దీర్ఘశాంతము (గ్రీకులో మక్రొథుమియా) ఎక్కువగా మనుషుల విషయంలో, తొందరగా కోపం తెచ్చుకోకపోవడం. రెండూ ఒకే వాక్యంలో వస్తే రెండిటికీ ‘సహనం’ పెట్టకండి.