కుండలో ఏముందో చెప్పి వడ్డించు, చిన్నీ

చిన్నీ,

ఉద్యోగం మానేసి అమెరికాలో, నాష్‌విల్‌లో మీట్ అండ్ త్రీ భోజన హోటల్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. అలాంటి వంటింట్లో ఏళ్ల తరబడి పనిచేసిన మావయ్యని నేనుండగా, నాతో ఒక్క మాట అనొద్దూ? అయినా మనింటి పిల్ల ఆ ఊరి మధ్యాహ్న భోజనం వండి పెడతానంటే చాలా గర్వంగా ఉందమ్మా.

పర్మిట్లు, లెక్కలు నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక మాంసం, మూడు పక్క వంటకాలు, అంతే పళ్లెం. మాక్ అండ్ చీజ్‌ని, అదే చీజ్ వేసిన పాస్తాని, అక్కడ కూరగాయల్లోనే లెక్కేస్తారు, వాదించకు. ఫ్రైడ్ చికెన్ లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరాలి. మిగిలిన గ్రేవీని పెద్ద గిన్నెతో ఫ్రిజ్‌లో పెట్టకు. లోతు తక్కువ ట్రేల్లో పోసి త్వరగా చల్లార్చు.

నా భయమంతా కూరల గురించే. మా యజమాని చెయ్యి మంచిది. కాలర్డ్ ఆకుకూర, గ్రీన్ బీన్స్, పింటో బీన్స్, అన్నిట్లో పొగబెట్టిన పందికాలి ముక్క వేసి గంటల తరబడి ఉడికించేవాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకి అది తెలిసిందే. బోర్డు మీద మాత్రం 'వెజిటబుల్ ప్లేట్' అని ఉండేది. ఒకరోజు మనవాళ్లు వచ్చారు, వాళ్లతో ఒక పెద్దావిడ. మాంసం ఉందా అని కొడుకు అడిగితే, అన్నీ కూరగాయలే అంది కౌంటర్‌లో పిల్ల. ఆవిడ బీన్స్ బాగున్నాయని మళ్లీ పెట్టించుకుంది. ఈసారి గరిటెతో ముక్క కూడా వచ్చింది. పళ్లెం పక్కకి జరిపి, కొడుకు చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. యజమాని డబ్బు తిరిగిస్తూ, "రుచికి కొంచెమే వేశాం" అన్నాడు. ఆ మాటకి వాళ్లు ఇంకా నొచ్చుకున్నారు. బోర్డు మార్చమని మేం అడిగితే, ఇక్కడ అందరికీ తెలుసులే అన్నాడు.

నువ్వలా చెయ్యకు. పంది ఉన్న ప్రతి వంటకం పక్కనా ఆ మాట రాయించు. కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న రొట్టె, చేసే మూకుడుకి బేకన్ కొవ్వు రాస్తే, అదీ పందిదే కాబట్టి, అదీ చెప్పాలి. పొగబెట్టిన టర్కీ ముక్కలతో కూడా కాలర్డ్స్ బాగా కుదురుతాయి. ఒక కుండ మాత్రం ఏ మాంసమూ లేకుండా, ఉల్లిపాయ, స్మోక్డ్ పాప్రికా, చివర్లో కాస్త వెనిగర్ వేసి వండు. దాని గరిటె వేరుగా ఉండాలి. చికెన్ వేయించిన నూనెలో బెండకాయలు వేయించకు.

అక్కడ బిస్కెట్లంటే మెత్తగా పొంగే చిన్న రొట్టెలు. వాటికి వైట్ లిల్లీ బ్రాండ్ లాంటి మెత్తటి గోధుమ పిండి, చల్లటి వెన్న, బటర్‌మిల్క్. కట్టర్‌ని నేరుగా దింపి నేరుగా తియ్యి, తిప్పితే అంచులు మూసుకుపోయి సరిగ్గా పొంగవు. ఇది నాకు అక్కడి నల్లజాతి వంటావిడ చెయ్యి పట్టుకుని నేర్పింది. ఊరుగాని ఊళ్లో నేను నిలబడ్డానంటే ఆవిడ చలవే. అలాంటి చేతులున్న పాతవాళ్లని వెతికి పెట్టుకో, జీతం దగ్గర పిసినారితనం చెయ్యకు. టిప్పులతో కలిపి గంటకి కనీసం 7.25 డాలర్లు వస్తే వడ్డించేవాళ్లకి గంటకి 2.13 ఇచ్చి ఊరుకోవచ్చంటుంది చట్టం. నువ్వు ఊరుకోకు తల్లీ.

లీజు మీద ఇంకా సంతకం పెట్టలేదుగా? పర్సనల్ గ్యారంటీ అడుగుతారు, అంటే హోటల్ అద్దె కట్టలేకపోతే నీ సొంత డబ్బుతో కట్టాలి. కాగితాలు నేను చూసేదాకా ఆగు. మొదటి వారం నేనే వచ్చి తెల్లవారుజామున బిస్కెట్ల పని చూసుకుంటాను. మీ అమ్మ టెన్షన్ పడుతోంది, ఈ రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య