సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు వెతికేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి

పెద్ద నగరంలో ఒక్కరే ఉండటానికి సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, జీతానికి భారం కాకుండా ఎలా దొరుకుతుందని అడిగారు. ముందుగా, యాడ్‌లో కనిపించే అద్దె కాకుండా నెలకి మొత్తం ఎంత పోతుందో కాగితం మీద లెక్క వేయండి.

అద్దె 100 అనుకుందాం. మెయింటెనెన్స్ 12, ఆఫీసుకి రానూపోనూ 20, బ్రోకర్‌కి ఇచ్చిన ఒక నెల అద్దెని ఏడాదికి పంచితే నెలకి 8 పైచిలుకు. మొత్తం 140 దాటింది. అదే ఆఫీసుకి నడిచి వెళ్లేంత దూరంలో, మెయింటెనెన్స్‌తో కలిపి 115కి ఓనరే నేరుగా ఇచ్చే ఇల్లయితే నెలనెలా 25 మిగులుతుంది. చాలామంది అద్దె ఎక్కువని వదిలేసేది ఈ రెండో ఇంటినే.

ఏరియా పేరుతో కాదు, ప్రయాణ సమయంతో వెతకండి. మ్యాప్‌లో ఆఫీసు పెట్టి, బయల్దేరే టైము పనిరోజు పొద్దున 8:30గా పెట్టండి. 45 నిమిషాల్లో చేరగలిగే స్టాపులన్నీ రాసుకోండి. పేరున్న ఏరియాకి ఒకటి రెండు స్టాపులు అవతల, మెయిన్ రోడ్డు నుంచి పది నిమిషాలు లోపలికి నడిస్తే సాధారణంగా అద్దెలు దిగుతాయి. ఆ వీధుల్లో ఒక సాయంత్రం తిరగండి. చిన్న పాత బిల్డింగుల ఓనర్లు చాలామంది యాడ్ ఇవ్వరు, గేటుకి బోర్డు కట్టి ఊరుకుంటారు.

ఇల్లు మారాల్సిన తేదీకి నాలుగైదు వారాల ముందు వెతకడం మొదలుపెడితే చాలు. అంతకంటే ముందు చూసినవి మీ కోసం ఆగవు. మరీ ఆలస్యమైతే దొరికినదానికి తలూపాల్సి వస్తుంది.

బేరానికి ముందు ఇల్లు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో తెలుసుకోండి. ఒక నెల ఖాళీగా ఉంటే ఓనర్‌కి ఏడాది అద్దెలో 8 శాతానికి పైగా పోయినట్టే. మీకు 5 శాతం తగ్గిస్తే ఏడాది మొత్తం మీద పోయేది నెల అద్దెలో 60 శాతమే. మూడు వారాలుగా ఖాళీగా ఉన్న ఇంటికి ఈ లెక్క మర్యాదగా చెప్పి అడగండి. అద్దె తగ్గించనంటే, ఏడాది నిండాక వేసే మొదటి పెంపు వదిలేయమనండి, లేదా పెయింట్ వేయించమనండి.

ఇల్లు రెండుసార్లు చూడాలి, ఒకసారి పగలు, ఒకసారి సాయంత్రం ఏడు దాటాక. పై అంతస్తులో స్లాబు పగలంతా కాగి రాత్రి వేడి వదులుతుంది. ఆ సంగతి పొద్దున పదింటికి వెళ్తే తెలియదు. పది లీటర్ల బకెట్ బాత్రూమ్ కుళాయి కింద పెట్టి టైము చూడండి. నిమిషంన్నరలో నిండితే పర్వాలేదు, మూడు నిమిషాలు దాటితే స్నానానికి రోజూ ఇబ్బందే. కుళాయి తిప్పి ఉంచి, ఫ్లష్ నొక్కండి, ధార సన్నబడితే ప్రెషర్ లేదన్నమాట. తర్వాత బయటి గోడల మూలలు, బీరువా వెనక, సింక్ కింద అరచేయి పెట్టి చూడండి. గోడంతా పాతగా ఉండి ఒక్క మూలలో మాత్రమే కొత్త పెయింట్ కనిపిస్తే, దాని కింద చెమ్మ ఉందేమో అనుమానించాల్సిందే. ఫోన్ చార్జర్ తీసుకెళ్లి ప్రతి ప్లగ్‌లో పెట్టి చూడండి. పెద్ద గదిని ప్లైవుడ్‌తో అడ్డుకట్టి, కిటికీ లేని ముక్కని బెడ్‌రూమ్ అంటుంటే దండం పెట్టి వచ్చేయండి.

తాళం తీసి ఇల్లు చూపించకుండా టోకెన్, గేట్‌పాస్, బుకింగ్ అంటూ ఏ పేరుతో అడిగినా పైసా ఇవ్వకండి. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పంపిస్తా" అనేది మోసమే. యాడ్‌లోని ఫొటోని ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అదే ఇల్లు ఇంకో నగరంలో కనిపించడం కూడా మామూలే. కరెంట్ బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు మీద ఉన్న పేరు, సంతకం పెట్టేవాళ్ల గుర్తింపు కార్డు మీద ఉన్న పేరు ఒకటేనా చూడండి. ఈ జాగ్రత్త తీసుకోకే అద్దెకున్నవాళ్లని ఓనర్ అనుకుని చాలామంది అడ్వాన్స్ పోగొట్టుకుంటారు.

అగ్రిమెంట్‌లో అద్దె పెంపు దగ్గర ఆగి చదవండి. ఏటా 10 శాతమంటే 100 కాస్తా మూడో ఏడు 121 అవుతుంది, 5 శాతమైతే 110 పైచిలుకే. లాక్-ఇన్ (అంటే ఇల్లు ఖాళీ చేయకూడని గడువు) ఆరు నెలలు, నోటీసు ఒక నెల అని ఉంటే, ఐదో నెల చివర నోటీసు ఇవ్వచ్చా, ఆరు నిండాకే ఇవ్వాలా అని అడిగి రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే గొడవ ఒక నెల అద్దె మీదికి వస్తుంది. అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింట్‌కి ఎంత పట్టుకుంటారు అనేవి అంకెల్లో ఉండాలి. "తర్వాత చూసుకుందాం" అంటే మొహమాటపడకుండా అక్కడే పెన్ను ఇవ్వండి.

తాళాలు తీసుకున్న రోజే, సామాను దించకముందే, గోడలు, కుళాయిలు, కిటికీ గొళ్లేలు, బీరువాల లోపలి భాగం వీడియో తీయండి. కరెంట్ మీటర్ రీడింగ్ అంకెలు కనిపించేలా ఫొటో తీసి, రెండూ అదే రోజు ఓనర్‌కి మెసేజ్‌లో పంపండి. పాత వాళ్ల బాకీ మీ బిల్లులో కలిసినా, పాత పగులు మీ లెక్కలో రాసినా చూపించడానికి తేదీతో సహా ఆ మెసేజ్ ఉంటుంది.